సరస్సే ప్రయోగశాల: నీటి నాణ్యత, చేపల సంతతిపై డేవిడ్ షిండ్లర్ పరిశోధనలు

మంచినీటి సరస్సు ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి సాధారణంగా రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి నీటి రసాయన పరీక్ష, రెండవది ఏటా పట్టుబడే చేపల పరిమాణం. నీటిలో వచ్చిన మార్పు చేపల సంతతిలో ఎంత కాలానికి, ఏ రూపంలో ప్రతిఫలిస్తుందనే ప్రశ్నకు ఈ రెండింటిలో ఏ ఒక్కటీ విడిగా సమాధానం ఇవ్వలేదు. కెనడా దేశంలో డేవిడ్ షిండ్లర్ అనే సరోవర శాస్త్రవేత్త 1968 నుండి రెండు దశాబ్దాలకు పైగా నిర్వహించిన ప్రయోగాలు ఈ ప్రశ్ననే కేంద్రంగా చేసుకున్నాయి. వలలో పెద్ద చేపలు పడుతున్నంత మాత్రాన సరస్సు ఆరోగ్యంగా ఉన్నట్లు కాదనీ, అప్పటికే ఆ సరస్సులో చేపల పునరుత్పత్తి ఆగిపోయి ఉండవచ్చుననీ ఆ ప్రయోగాలు నిరూపించాయి. మత్స్య విస్తరణ రంగంలో పనిచేసేవారికి ఈ నిర్ధారణ నేటికీ ఎంతో ప్రయోజనకరమైనది.

షిండ్లర్ 1940లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసించి, రోడ్స్ ఉపకార వేతనంపై ఆక్స్‌ఫర్డ్ చేరి, ఆహార శృంఖల భావనకు పునాదులు వేసిన చార్లెస్ ఎల్టన్ వంటి ఆవరణ శాస్త్రవేత్తల సాన్నిహిత్యంలో పరిశోధన పూర్తి చేశారు. రసాయన శాస్త్రాన్నీ జీవజాలం అధ్యయనాన్నీ విడదీయని ఆయన దృక్పథానికి ఈ శిక్షణ మూలమని చెప్పవచ్చు.

ఎరీ సరస్సు లేవనెత్తిన ప్రశ్న

ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో ఎరీ అత్యంత లోతు తక్కువైనది. దాని తీరంలో నగరాలు, పరిశ్రమలు, వ్యవసాయ క్షేత్రాలు దట్టంగా విస్తరించాయి. 1953లో ఎండ తీవ్రంగా ఉండి గాలి స్తంభించిన కొన్ని రోజులలో, ఎరీ పశ్చిమ భాగంలో అడుగు నీటిలోని ప్రాణవాయువు క్షీణించింది. అడుగు బురదలో నివసించి చేపలకు ముఖ్య ఆహారంగా ఉండే మేఫ్లై కీటకాల డింభకాలు పెద్ద సంఖ్యలో నశించాయి. 1950ల చివరినాటికి బ్లూ పైక్ అనే విలువైన చేపల వేట కుప్పకూలింది. మితిమీరిన వేటకు నీటి నాణ్యత క్షీణత తోడు కావడంతో ఆ చేప క్రమంగా కనుమరుగైంది. వేసవిలో శైవలాలు తెట్టెలుగా పెరిగి, కుళ్లి, తీరాలకు కొట్టుకొని వచ్చేవి. 1960లలో వార్తాపత్రికలు ఎరీని మృత సరస్సుగా వర్ణించాయి.

పోషకాలు అధికమై నీరు శైవలమయం కావడాన్ని యూట్రోఫికేషన్ అని వ్యవహరిస్తారు. దీనికి కారణమైన పోషకం ఏది అనే విషయంలో తీవ్రమైన వివాదం తలెత్తింది. మురుగునీటిలోని, బట్టల సబ్బు పొడులలోని భాస్వరమే కారణమని కొందరు శాస్త్రవేత్తలు భావించారు. శైవలాల పెరుగుదలను నియంత్రించేది కర్బనమని సబ్బు పొడుల పరిశ్రమ పక్షాన వాదనలు వచ్చాయి. సీసాలలో సరస్సు నీటిని నింపి, వేర్వేరు పోషకాలను కలిపి చేసిన పరీక్షలలో కర్బనం కలిపినపుడు కిరణజన్య సంయోగక్రియ పెరగడాన్ని వారు ఆధారంగా చూపారు. ఈ వాదన నిజమైతే భాస్వరాన్ని నియంత్రించడం వృథా ప్రయాస అవుతుంది. కోట్ల డాలర్ల వ్యయంతో కూడిన ప్రభుత్వ నిర్ణయం ఈ శాస్త్రీయ ప్రశ్నపై ఆధారపడి ఉన్నది.

సరస్సునే ప్రయోగపాత్రగా తీసుకోవడం

ఈ నేపథ్యంలో కెనడా మత్స్య పరిశోధక మండలి 1968లో ఆంటారియో రాష్ట్ర వాయవ్య భాగంలో, కెనోరా పట్టణానికి చేరువలో ప్రయోగ సరస్సుల ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. ప్రాచీన శిలలపై ఏర్పడిన ఈ చిన్న సరస్సుల చుట్టూ అడవి తప్ప జనావాసాలు లేవు. నీటిలో లవణాలు, పోషకాలు అత్యల్పం. పరిశోధన కోసం ప్రత్యేకించిన సరస్సుల సంఖ్య 58. వాటికి పేర్లకు బదులు అంకెలే వాడుకలో ఉన్నాయి. ఈ కేంద్రానికి నాయకత్వం వహించే బాధ్యత షిండ్లర్‌కు అప్పగించబడింది.

ఆయన పద్ధతి సరళమైనది. సీసాలో గాలి ప్రవేశించదు, అడుగు బురద ఉండదు, చేప ఉండదు, ఋతువులు మారవు. అందువలన సీసా ఇచ్చే సమాధానం సీసాకే పరిమితం. ఒక సరస్సును కొంతకాలం యథాతథంగా పరిశీలించి, ఆపై ఒకే ఒక అంశాన్ని ఉద్దేశపూర్వకంగా మార్చి, పొరుగున మార్పు చేయని సరస్సులతో పోల్చుతూ ఏళ్ల తరబడి గమనించాలి. దీనిని సమగ్ర సరోవర ప్రయోగం అంటారు.

మొదటి పరీక్ష 227వ సంఖ్య గల సరస్సుపై జరిగింది. సుమారు 5 హెక్టార్ల ఈ సరస్సు నీటిలో కర్బనం అతి స్వల్పం. కర్బన వాదం నిజమైతే ఇక్కడ శైవలాలు పెరగకూడదు. 1969 నుండి ఇందులో భాస్వరాన్ని, నత్రజనిని మాత్రమే చేర్చగా, నీరు కొద్ది వారాలలోనే పచ్చబడింది. శైవలాలకు అవసరమైన కర్బనం వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ నుండి నీటిలోకి చేరినట్లు తేలింది. మూత బిగించిన సీసాలో ఈ మార్గం మూసుకుపోతుంది. పరిశ్రమ వాదనలోని లోపం అక్కడే ఉన్నది.

తెర ఇచ్చిన సమాధానం

226వ సరస్సు మధ్యలో సన్నబడి డమరుకం ఆకారంలో ఉంటుంది. 1973లో ఆ సన్నని భాగానికి అడ్డంగా నైలాన్ తెరను దించి సరస్సును రెండుగా విభజించారు. ఒక వైపు కర్బనం, నత్రజని చేర్చారు. రెండవ వైపు కర్బనం, నత్రజనితో పాటు భాస్వరాన్ని చేర్చారు. భాస్వరం చేర్చిన భాగం నీలి ఆకుపచ్చ శైవలాలతో నిండిపోగా, రెండవ భాగం దాదాపు పూర్వస్థితిలోనే నిలిచింది. విమానం నుండి తీసిన ఛాయాచిత్రంలో తెరకు ఒక వైపు పచ్చని నీరు, మరొక వైపు నల్లని నిర్మల జలం స్పష్టంగా కనిపించాయి. 1974లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితం విధాన నిర్ణేతలకు అర్థమయ్యే భాషలో వివాదాన్ని ముగించింది. మహా సరస్సుల నీటి నాణ్యతపై 1972లో కెనడా, అమెరికాల మధ్య కుదిరిన ఒప్పందంలో భాస్వర నియంత్రణ కీలకాంశం. సబ్బు పొడులలో భాస్వరాన్ని తగ్గించే చట్టాలకు, మురుగునీటి నుండి దానిని తొలగించే కేంద్రాలకు ఈ ప్రయోగాలు బలమైన ఆధారమయ్యాయి.

ఇదే సరస్సులోని చేపల విషయం అంతగా ప్రచారం పొందలేదు. భాస్వరం చేర్చిన భాగంలో వైట్‌ఫిష్ జాతి చేపలు మెరుగ్గా ఎదిగాయి. పోషకాలు పెరిగితే ప్లవకాలు, వాటితో పాటు చేపల ఆహారం పెరుగుతాయి కనుక ఇది సహజమే. కార్ప్ చేపల చెరువులలో సూపర్ ఫాస్ఫేట్, పశువుల ఎరువు వాడటం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. అయితే ఆ దారిలో ఇంకా ముందుకు పోతే ఎరీ అనుభవం ఎదురవుతుంది. అంటే నీటి నాణ్యత చెడే క్రమంలో తొలి దశలో చేపల దిగుబడి తగ్గకపోగా పెరగవచ్చును. పట్టుబడిని మాత్రమే చూసే పరిశీలకునికి అది శుభసూచకంగా తోస్తుంది.

చేపలు చావకముందే నశించిన సరస్సు

చేపల సంతతికి సంబంధించి అత్యంత విలువైన ఫలితాలు 223వ సరస్సు నుండి లభించాయి. కర్మాగారాల పొగలోని గంధక సమ్మేళనాల వలన ఆమ్ల వర్షాలు కురిసి, ఉత్తర ఐరోపాలో, తూర్పు అమెరికాలో చేపలు లేని సరస్సుల సంఖ్య పెరుగుతున్న కాలమది. ఆమ్లత్వం ఏ స్థాయిలో, ఏ వరుసలో జీవులను దెబ్బతీస్తుందో తెలుసుకొనడానికి షిండ్లర్ బృందం 1976 నుండి ఈ సరస్సులో గంధకామ్లాన్ని కొద్దికొద్దిగా చేర్చింది. ఎనిమిదేళ్ల ప్రయోగ కాలంలో ఉదజని సూచిక 6.8 నుండి 5.0కు తగ్గింది. ఈ సూచిక ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లని విద్యార్థులకు విదితమే.

ఫలితాలు నాటి అంచనాలకు భిన్నంగా వచ్చాయి. శైవలాల ఉత్పాదకత తగ్గలేదు. సేంద్రియ పదార్థాలు కుళ్లే వేగం తగ్గలేదు. పోషకాల గాఢత తగ్గలేదు. సాధారణ నీటి పరీక్షలను బట్టి చూస్తే సరస్సు చక్కగా పనిచేస్తున్నట్లే. కాని ఉదజని సూచిక 5.8 పరిసరాలకు చేరేసరికే మైసిస్ అనే చిన్న రొయ్య జాతి, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిరుచేప అదృశ్యమయ్యాయి. ఈ రెండూ సరస్సులోని ప్రధాన వేటచేప అయిన లేక్ ట్రౌట్‌కు ముఖ్యాహారాలు. క్రేఫిష్ జాతి పెంకు గట్టిపడక బలహీనమైంది. తీరం వెంబడి పోగుల వంటి నాచు వ్యాపించింది. సూచిక 5.4 కన్నా తగ్గిన తరువాత ఏ ఒక్క జాతి చేప కూడా సంతానోత్పత్తి చేయలేదు.

అయినప్పటికీ పెద్ద ట్రౌట్ చేపలు సరస్సులో బ్రతికే ఉన్నాయి. దీర్ఘాయువు గల జాతి కావడం వలన వాటి సంఖ్య వెంటనే పడిపోలేదు. ఆహారం కరవై అవి చిక్కిపోయాయి. తల పెద్దదిగా, దేహం సన్నగా మారిన ట్రౌట్ ఛాయాచిత్రాలు ఆమ్ల వర్షాల చర్చలో విస్తృతంగా ప్రచారమయ్యాయి. పునరుత్పత్తి ఆగిన ఈ సరస్సు, ఉన్న చేపలు సహజంగా మరణించే కొద్దీ దాదాపు ఒక దశాబ్దంలో చేపలు లేనిదవుతుందని 1985లో సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో బృందం లెక్కగట్టింది.

ఇందులో మూడు అంశాలు గమనార్హం. మొదటిది, చేపలను దెబ్బతీసినది ఆమ్లం యొక్క ప్రత్యక్ష విషప్రభావం మాత్రమే కాదు, ఆహార శృంఖల తెగిపోవడం కూడా. రెండవది, హాని మొదలైన స్థాయి అంతవరకు ప్రమాదకరమని భావించిన స్థాయి కన్నా ముందే ఉన్నది. మూడవది, పెద్ద చేపల సంఖ్య అన్నింటికన్నా ఆలస్యంగా స్పందించే సూచిక. అమెరికాలో 1990 నాటి వాయు కాలుష్య చట్ట సవరణలకు, 1991లో కెనడా, అమెరికాల మధ్య కుదిరిన వాయు నాణ్యతా ఒప్పందానికి దారితీసిన శాస్త్రీయ ఆధారాలలో ఈ ప్రయోగం ఒకటి. ఆమ్లం చేర్చడం తగ్గించి సూచికను క్రమంగా పెరగనిచ్చినపుడు కొన్ని జాతుల చేపలు మళ్లీ సంతానోత్పత్తి ప్రారంభించాయి.

అదే పద్ధతిలో మరొక నిరూపణ

షిండ్లర్ 1989లో అల్బెర్టా విశ్వవిద్యాలయానికి మారిన తరువాత కూడా ఆయన నెలకొల్పిన పద్ధతి కొనసాగింది. నగరాల మురుగునీటిలో గర్భనిరోధక మాత్రల నుండి వచ్చే కృత్రిమ ఈస్ట్రోజన్ అవశేషాలు ఉంటాయి. వాటి ప్రభావాన్ని తెలుసుకొనడానికి కేరెన్ కిడ్ బృందం 2001 నుండి 2003 వరకు 260వ సరస్సులో ఆ హార్మోనును లీటరుకు 5 నుండి 6 నానోగ్రాముల స్థాయిలో ఉండేటట్లు చేర్చింది. మగ మిన్నో చేపలలో ఆడచేపలకు సహజమైన గుడ్డు సొన మాంసకృత్తి తయారైంది, వృషణాల ఎదుగుదల దెబ్బతిన్నది. కొద్ది సంవత్సరాలలో ఆ జాతి సరస్సులో అంతరించే స్థితికి చేరినట్లు 2007లో ప్రకటించారు. మిన్నో జీవితకాలం స్వల్పం. ఒకటి రెండేళ్లు కొత్త తరం రాకపోతే సంతతి కూలిపోతుంది. అదే నీటిలో దీర్ఘాయువు గల ట్రౌట్ కొంతకాలం నిలిచింది కాని ఆహారం తగ్గి దాని సంఖ్య కూడా క్షీణించింది. హార్మోను చేర్చడం ఆపిన తరువాత కొన్నేళ్లకు మిన్నో సంతతి కోలుకున్నది. ఆయుఃప్రమాణం తక్కువైన చిరుచేప నీటి నాణ్యతకు తొలి సాక్షి అని 223వ సరస్సు సూచించిన విషయాన్ని ఈ ప్రయోగం మరొక కాలుష్యకారకంతో ధ్రువపరచింది.

విమర్శలు, పరిమితులు

ఒక సరస్సుపై చేసిన ప్రయోగాన్ని పొలంలోని మడుల వలె పునరావృతం చేయడం సాధ్యం కాదు. గణాంక శాస్త్ర దృష్టిలో ఇది లోపమే. ఈ విమర్శకు షిండ్లర్ 1998లో ఒక ప్రత్యేక వ్యాసంలో సమాధానమిచ్చారు. పునరావృతాలు ఎన్ని ఉన్నా, చిన్న తొట్టెలలో చేసిన ప్రయోగం వాస్తవ వ్యవస్థకు వర్తించకపోతే దాని ఖచ్చితత్వం నిరుపయోగమని ఆయన వాదన సారాంశం.

నత్రజని విషయంలో వివాదం ఇప్పటికీ పూర్తిగా సమసిపోలేదు. 227వ సరస్సులో 1990 నుండి నత్రజనిని ఆపివేసి భాస్వరాన్ని మాత్రమే చేర్చారు. వాతావరణ నత్రజనిని స్థిరీకరించే నీలి ఆకుపచ్చ శైవలాలు కొరతను పూరించగా సరస్సు పచ్చగానే ఉండిపోయింది. నత్రజనిని మాత్రమే తగ్గించి యూట్రోఫికేషన్‌ను అదుపు చేయలేమని 37 సంవత్సరాల ఫలితాల ఆధారంగా షిండ్లర్ బృందం 2008లో ప్రకటించింది. సముద్రతీర జలాలలో, లోతు తక్కువ గల అనేక సరస్సులలో రెండు పోషకాలనూ నియంత్రించవలసిందేనని ఇతర శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

దీర్ఘకాలిక పరిశోధనకు నిధులు నిలకడగా ఉండవనడానికి కూడా ఈ కేంద్రమే ఉదాహరణ. 2012లో కెనడా ప్రభుత్వం దీనిని మూసివేయాలని నిర్ణయించగా శాస్త్రవేత్తలు, పౌరులు తీవ్రంగా వ్యతిరేకించారు. 2014 నుండి విన్నిపెగ్ నగరంలోని అంతర్జాతీయ సుస్థిరాభివృద్ధి సంస్థ దీనిని నిర్వహిస్తున్నది. 1991లో ప్రప్రథమ స్టాక్‌హోమ్ జల పురస్కారాన్ని అందుకున్న షిండ్లర్ 2021లో మరణించారు.

తెలుగు నేల చెరువులకు అన్వయం

కెనడా సరస్సులు చల్లనివి, లోతైనవి, లవణాలు తక్కువ గలవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని చెరువులు వెచ్చనివి, లోతు తక్కువైనవి, అధిక భాగం క్షార గుణం గలవి. కనుక ఆమ్లత్వానికి సంబంధించిన అంకెలను యథాతథంగా స్వీకరించరాదు. ఇక్కడ ప్రధాన సమస్య పోషకాధిక్యత. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు వంటి మంచినీటి సరస్సులోకి పొలాల మురుగు, పట్టణాల మురుగు, చేపల చెరువుల నీరు చేరుతాయి. గ్రామాల చెరువులలోకి ఎరువుల అవశేషాలు, ఇళ్ల మురుగు వచ్చి కలుస్తాయి. ఇటువంటి చోట్ల మారవలసినవి అంకెలే కాని పరిశీలనా పద్ధతి కాదు. షిండ్లర్ ప్రయోగాల నుండి విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించదగిన అంశాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

పరిశీలనా సమయం: శైవలాలు దట్టంగా ఉన్న చెరువులో పగలు ప్రాణవాయువు పుష్కలంగా ఉండి, రాత్రి శ్వాసక్రియ వలన తగ్గుతూ సూర్యోదయానికి ముందు కనిష్ఠానికి చేరుతుంది. శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను వినియోగించడం వలన మధ్యాహ్నం ఉదజని సూచిక పెరిగి, నీటిలోని అమోనియా అధిక భాగం విషతుల్యమైన రూపంలోకి మారుతుంది. కార్యాలయ వేళలలో ఉదయం పది, పదకొండు గంటలకు సేకరించిన నమూనా ఈ రెండు ప్రమాదాలనూ చూపకపోవచ్చు. ఒకే చెరువులో తెల్లవారుజామున, మధ్యాహ్నం కూడా నమూనాలు తీయడం అవసరం.

దిగుబడిని అర్థం చేసుకొనడం: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు వర్షాకాలపు నదీ ప్రవాహాలలో గుడ్లు పెడతాయి. నిలువ నీటి చెరువులలో సాధారణంగా సంతానోత్పత్తి చేయవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో వీటికి ప్రేరిత ప్రజననం సాధించిన తరువాతే చేప విత్తనం విస్తారంగా లభ్యమైంది. ప్రతి ఏటా పిల్లలను బయటి నుండి తెచ్చి వదులుతున్నందున, తెలంగాణలో 2016 నుండి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పంపిణీ చేస్తున్న చెరువులతో సహా, కార్ప్ దిగుబడి ఆ నీటిలో చేపల పునరుత్పత్తి సామర్థ్యాన్ని తెలియజేయదు. 223వ సరస్సులోని పెద్ద ట్రౌట్ వలె అది క్షీణతను కప్పిపుచ్చగలదు.

చిరుచేపల సాక్ష్యం: చెరువులోనే గుడ్లు పెట్టి పెరిగే చేదు పరిగె వంటి స్థానిక చిరుచేపలు ఇక్కడ మిన్నో స్థానంలో ఉన్నాయి. వర్షాకాలం తరువాత సన్నకన్ను వలతో నమూనా తీసి, ఆ ఏటి పిల్లలు ఉన్నవా లేవా అని నమోదు చేయడం ఖర్చు లేని పరీక్ష. పిల్లలు కనిపించని జాతి, పెద్ద చేపలు కనిపిస్తున్నప్పటికీ, ఆపదలో ఉన్నట్లే. కొర్రమీను, మార్పు వంటివి గాలి నుండి నేరుగా ప్రాణవాయువు తీసుకోగలవు. చెరువులో ఇటువంటి జాతులే మిగలడం నీటిలో ప్రాణవాయువు కొరతకు సూచన కావచ్చును.

భాస్వరం లెక్క: చేరిన భాస్వరంలో అధిక భాగం అడుగు బురదలో నిలువ ఉండి, ప్రాణవాయువు లేని పరిస్థితులలో మళ్లీ నీటిలోకి విడుదలవుతుంది. నీరు ఇప్పటికే పచ్చగా ఉన్న చెరువుకు సూపర్ ఫాస్ఫేట్ సిఫారసు చేయరాదు. సెక్కి పలకతో నీటి పారదర్శకతను కొలిచిన తరువాతే మోతాదును నిర్ణయించాలి. వేసవిలో పూడిక తీసి పొలాలకు తోలడం వలన నీటికి భారమైన పోషకాలు నేలకు చేరుతాయి. పరీవాహక ప్రాంతపు పొలాలలో భూసార పరీక్ష ప్రకారం భాస్వరం ఎరువు వాడటం కూడా చెరువు సంరక్షణలో భాగమే.

పోలిక కోసం ఒక చెరువు: మండలంలో మురుగు చేరని ఒక చెరువును ఎంచుకొని, అదే పద్ధతిలో ఏటా కొలతలు తీస్తే తక్కిన చెరువులలోని మార్పు వానల వలన వచ్చినదో, కాలుష్యం వలన వచ్చినదో వేరుచేయడం సాధ్యమవుతుంది. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు ఒకటి రెండు ఋతువులకే పరిమితం కాక, ఒకే చెరువుపై ఒకరి తరువాత ఒకరు కొనసాగించినట్లయితే ఇటువంటి దీర్ఘకాలిక సమాచారం విశ్వవిద్యాలయాలకు అదనపు వ్యయం లేకుండానే సమకూరుతుంది.

నీటి కొలతల పట్టిక పక్కనే చేపల వయస్సు, పరిమాణం, ఆ ఏటి పిల్లల వివరాల పట్టిక కూడా ఉన్నప్పుడే చెరువు పరిస్థితి సకాలంలో బోధపడుతుంది. పెద్ద చేపలు తగ్గిన తరువాత చేపట్టే చర్య అప్పటికే ఆలస్యమైనది. పిల్లచేపలు తగ్గిన ఏడాదే కారణాన్ని గుర్తించినట్లయితే చెరువునూ, దానిపై ఆధారపడిన మత్స్యకార కుటుంబాల జీవనోపాధినీ కాపాడుకొనడానికి తగిన వ్యవధి మిగులుతుంది.